పారితోషికం కాదు, ప్రతిఫలం
(కొత్త వ్యాసకర్త రాసే మొదటి ఉత్తరం గురించి)

కవిత్వానికి, కథకు, నవలకు దక్కినంత పరిశీలన మన సాహిత్య విమర్శలో వ్యాసానికి దక్కలేదు. వ్యాసంతో అన్నిటినీ విమర్శిస్తాం గాని వ్యాసాన్ని మాత్రం విమర్శకు నిలబెట్టం. ఇక వ్యాసం ఎవరు రాయగలుగుతున్నారు, ఎవరు రాయలేకపోతున్నారు, రాసింది పత్రిక దాకా ఎట్లా చేరుతుంది అనే ప్రశ్నలను సాహిత్యేతర విషయాలుగా పక్కకు నెట్టేస్తాం. రచనకు వస్తువు ఎంత ముఖ్యమో ఆ రచన వెలువడే భౌతిక పరిస్థితులూ అంత ముఖ్యమని చెప్పే అభ్యుదయ విమర్శకు ఈ ఉపేక్ష తగదు.

ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, వ్యాసాలూ సమీక్షలూ రాసి పత్రికలకు ఇస్తూ, దానితో కొంతైనా బతుకు వెళ్లదీయాలనుకునే యువతీయువకులు ఇవాళ చాలామంది ఉన్నారు. తెలుగులో ఎం.ఏ. చేసినవాళ్లు, పరిశోధన నడిమధ్యలో ఫెలోషిప్పు ఆగిపోయినవాళ్లు, ప్రైవేటు కళాశాలల్లో గంటల లెక్కన పాఠం చెప్పేవాళ్లు వీరిలో ఎక్కువ. సాహిత్య సభల్లో కలిసినప్పుడు వీళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సంపాదకుడికి ఉత్తరం ఎట్లా రాయాలండీ?" అడిగినవాళ్లకు పెద్దలు ఏదో ఒక చిట్కా చెప్పి పంపేస్తారు. కాని ఇది చిట్కాతో తీరే ప్రశ్న కాదు. ఆ ఉత్తరంలో ఒక విమర్శ పద్ధతి ఉంది, ఒక శ్రమ సంబంధమూ ఉంది. మొదటిదాన్ని నేర్చుకోవలసింది కొత్త రచయిత. రెండోదాన్ని సరిచేసుకోవలసింది మనం, అంటే ప్రగతిశీల పత్రికలు నడిపేవాళ్లమూ వాటిలో రాసేవాళ్లమూ.

పేర్లలో దాగిన సంగతి

ఇట్లాంటి రచయితను ఇంగ్లీషువాళ్లు ఫ్రీలాన్స్ అంటారు. ఆ మాటను మనం అట్లాగే వాడుతున్నాం, లేదా స్వతంత్ర రచయిత అని తెలిగిస్తున్నాం. ఈ మాట సాహిత్యంలో ప్రసిద్ధికెక్కింది 1819 చివర వెలువడిన వాల్టర్ స్కాట్ నవల 'ఐవాన్‌హో'తో. అందులో అది రచయితకు సంబంధించిన మాట కాదు. ఏ ప్రభువుకూ కట్టుబడకుండా, డబ్బిచ్చినవాడి పక్షాన యుద్ధం చేసే కిరాయి ఈటెగాళ్ల పేరు. ఇందులో 'ఫ్రీ' అనేది స్వేచ్ఛను సూచించేది కాదు, పోషించే దాత లేడని మాత్రమే సూచించేది. భూమి నుంచి విడివడ్డ రైతు ఏ అర్థంలో 'స్వేచ్ఛ' పొంది కూలివాడయ్యాడో ఈ రచయితా అదే అర్థంలో స్వేచ్ఛాజీవి. అమ్ముకోవడానికి తన శ్రమశక్తి తప్ప మరేదీ లేని స్వేచ్ఛ ఇది.

రెండో మాట మనదే: పారితోషికం. పరితోషం అంటే సంతోషం. ప్రభువు పద్యం విని సంతోషించి చేతికిచ్చేది పారితోషికం. సంతోషించకపోతే ఇవ్వనక్కరలేదు, ఎంత ఇచ్చినా అడగడానికి వీల్లేదు. సంస్థానాలు పోయాయి, జమీందారీలు పోయాయి, పత్రికలు కంపెనీలయ్యాయి. రచయితకు ముట్టేదానికి మాత్రం ఆస్థానకవి నాటి పేరే మిగిలింది. కాగితం కొట్టుకు ఇచ్చేది ధర, అచ్చాఫీసుకు కట్టేది బిల్లు, పోస్టాఫీసుకు కట్టేది చార్జీ. రచయితకు ఇచ్చేది ఒక్కటే మెప్పుకోలు. మాట మారితే లోకం మారిపోతుందని నేననడం లేదు. కాని లోకం ఎట్లా ఉందో మాట పట్టిస్తుంది.

జీతం రాయించిన సాహిత్యం

తెలుగు వ్యాస చరిత్రను ఈ కోణంలో ఒకసారి తిరగేద్దాం. 1862లో అచ్చయిన 'హితసూచని'లో తన వ్యాసాలను ప్రమేయాలని పిలిచిన సామినేని ముద్దునరసింహం మునసబుగా పనిచేసినవాడు. 1874లో 'వివేకవర్ధని' పెట్టి ఆనాటి సంఘాన్ని చీల్చి చెండాడిన వీరేశలింగం బడిపంతులు, ఆ తరవాత రాజమండ్రి కాలేజీలో తెలుగు పండితుడు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. 'సాక్షి' వ్యాసాల పానుగంటి సంస్థానాల్లో దివానుగిరీ చేసినవాడు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ'లో పనిచేశాడు. సినిమా, సంగీతం, విజ్ఞానం, రాజకీయం అన్నిటిమీదా ఆయన రాసిన వందలాది వ్యాసాల వెనుక ఒక పిల్లల పత్రిక ఇచ్చిన నెలజీతం ఉంది.

వీళ్లను తక్కువ చేయడానికి ఈ జాబితా ఇవ్వలేదు. జీతాన్ని తమ వర్గం కోసం కాక సంఘం కోసం ఖర్చుపెట్టిన మనుషులు వీళ్లు. నేను చూపదలచింది వేరు. తెలుగు వ్యాసం ఆనాటి నుంచీ కోర్టు, బడి, సంస్థానం, పత్రికాఫీసు అనే నాలుగు కాళ్ల మీద నిలబడింది. ఈ నాలుగింటిలోకి ఎవరు ప్రవేశించగలిగారో వాళ్లే వ్యాసకర్తలయ్యారు. కవిత్వం పాటై కూలినాలి జనం నోట పుట్టగలిగింది. కథ మిల్లు గేటు దగ్గరా పొలం గట్టు మీదా పుట్టగలిగింది. వ్యాసానికి పుస్తకాలు కావాలి, తీరిక కావాలి, తిరగడానికి బస్సుచార్జీలు కావాలి. అందుకే వ్యాసం ఇప్పటికీ జీతగాళ్ల ప్రక్రియగానే ఉండిపోయింది. నాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఈ వ్యాసానికి పైసా రాకపోయినా మా ఇంట్లో పొయ్యి ఆరదు. అట్లాంటి నేను ఉచితంగా రాయడం త్యాగమేమీ కాదు, అదొక వెసులుబాటు. ఆ వెసులుబాటునే అందరికీ నియమం చేస్తే, వెసులుబాటు లేనివాళ్లకు తలుపు మూసినట్టే.

ఈ సంగతి తెలుగువాళ్లకే పరిమితం కాదు. మనం రోజూ తలుచుకునే మనిషే ఇందుకు పెద్ద ఉదాహరణ.

లండన్ నుంచి న్యూయార్కుకు

1851లో 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్' పత్రిక తరఫున చార్లెస్ డేనా, అంతకు మూడేళ్ల ముందు కొలోన్‌లో పరిచయమైన కార్ల్ మార్క్స్‌ను వ్యాసాలు రాయమని అడిగాడు. మార్క్స్ అప్పటికి లండన్‌లో దరిద్రంతో కుస్తీ పడుతున్న ప్రవాసి. ఇంగ్లీషులో రాసే అలవాటు ఇంకా కుదరలేదు. జర్మనీ విప్లవం మీద మార్క్స్ పేరుతో వచ్చిన మొదటి వ్యాసమాలను రాసింది ఎంగెల్స్. ఆ పైన కొంతకాలం మార్క్స్ జర్మన్‌లో రాస్తే ఎంగెల్స్ ఇంగ్లీషు చేశాడు. 1853 నుంచి మార్క్స్ నేరుగా ఇంగ్లీషులో రాయసాగాడు. 1862 దాకా సాగిన ఈ రచన దాదాపు అయిదు వందల వ్యాసాలు. అందులో నాలుగోవంతు ఎంగెల్స్ కలం నుంచి వచ్చినవే.

మొదట్లో వ్యాసానికి ఒక పౌను, తరవాత రెండు పౌన్లు ముట్టేవి. పత్రిక వేసుకున్నవాటికే డబ్బు. చాలా వ్యాసాలను పేరు తీసేసి సంపాదకీయాలుగా వేసుకున్నారు. 1857కు వచ్చేసరికి వారానికి ఒక్క వ్యాసానికే డబ్బిస్తామన్నారు. పెట్టుబడి గుట్టు విప్పిన మనిషికి కూడా పత్రికాధిపతితో బేరమాడే బలం లేకపోయింది. ఆ ఇల్లు గడవడానికి మాంచెస్టర్‌లో బట్టల మిల్లు కంపెనీలో పనిచేస్తున్న ఎంగెల్స్ పంపిన డబ్బు కావలసి వచ్చింది. స్వేచ్ఛా రచన వెనుక ఎవరిదో ఒకరి జీతం ఉండక తప్పదనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

అయితే ఇదే ఉదాహరణలో కొత్త వ్యాసకర్త నేర్చుకోవలసిన పద్ధతి కూడా ఉంది. 1853లో బ్రిటిష్ పార్లమెంటులో ఈస్టిండియా కంపెనీ అధికారాల పొడిగింపు మీద చర్చ నడుస్తున్నది. అది ఆనాటి వార్త. మామూలు విలేఖరి ఎవరు ఏం మాట్లాడారో రాసి ఊరుకుంటాడు. మార్క్స్ ఆ వార్తను పట్టుకుని, ఇంగ్లీషు పాలన హిందూదేశపు మగ్గాన్నీ రాట్నాన్నీ సాగునీటి పనులనూ ఏం చేసిందని అడిగాడు. జవాబు కోసం బ్రిటిష్ మ్యూజియంలో కూచుని పార్లమెంటు నివేదికలు, పాత గ్రంథాలు తిరగేశాడు. జూన్ 25న అచ్చయిన ఆ వ్యాసంలో మన గ్రామ సమాజం గురించిన అవగాహనతో ఇవాళ విభేదించవచ్చు, చాలామంది చరిత్రకారులు విభేదించారు కూడా. కాని నిర్మాణం చూడండి: చేతికందిన సందర్భం, ఎవరూ అడగని ప్రశ్న, ప్రభుత్వ కాగితాల నుంచే తీసిన ఆధారం. పత్రిక కోసం రాసే వ్యాసానికి ఈ మూడూ మూలకందం.

విషయం వేరు, ప్రశ్న వేరు

ఇక మన కొత్త రచయితల ఉత్తరాలకు వద్దాం. సాహిత్య సంచికలకు సహాయ సంపాదకత్వం చేసిన అనుభవంలో నేను చూసినవాటిలో నూటికి తొంభై ఒకే తీరుగా ఉంటాయి. మొదట సంపాదకులవారికి నమస్సులు, పత్రికకు స్తోత్రం, తరవాత తన డిగ్రీలు, సదస్సుల్లో సమర్పించిన పత్రాలు, చివర ఒక శీర్షిక. ఆ శీర్షిక 'ఫలానావారి కథల్లో స్త్రీ' అనో 'ఫలానా నవలలో సామాజిక స్పృహ' అనో ఉంటుంది. ఇవి విషయాలు, ప్రశ్నలు కావు. విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత వ్యాసానికి అధ్యాయాలు పంచిపెట్టే అలవాటు నుంచి ఈ జబ్బు పుట్టింది. విషయానికి హద్దు ఉంటుంది గాని దిక్కు ఉండదు. ప్రశ్నకు దిక్కు ఉంటుంది.

ఒక సాహిత్య ఉదాహరణ తీసుకుందాం. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1964లో వచ్చింది. దాని మీద జరిగినంత చర్చ తెలుగులో బహు కొద్ది కథల మీదనే జరిగింది. "యజ్ఞం కథలో వర్గ దృక్పథం మీద రాస్తాను" అని ఎవరైనా ఉత్తరం రాస్తే సంపాదకుడు పక్కన పెట్టడంలో తప్పు లేదు. అట్లాకాక ఇట్లా రాశారనుకోండి: "అప్పల్రాముడు అప్పు తీర్చాలా వద్దా అన్న వాదమే ఇంతకాలం నడిచింది. ఆ అప్పును లెక్కగట్టే అధికారం ఊళ్లో ఎవరి చేతికి ఎట్లా వచ్చింది, పంచాయితీ అనే రూపం ఆ అధికారానికి న్యాయం ముసుగు ఎట్లా వేసింది అన్నది నా ప్రశ్న. స్వయం సహాయక సంఘాల అప్పుల వసూలులో ఊరి ముందు నిలబెట్టే పద్ధతి ఇవాళా కనిపిస్తున్నది గనుక ఈ ప్రశ్న ఇప్పుడు అడగవలసింది." ఇది చదివిన సంపాదకుడు వ్యాసం కోసం ఎదురుచూస్తాడు. ఎందుకంటే ఆ నాలుగు వాక్యాల్లోనే విమర్శ మొదలైంది. మంచి ప్రతిపాదన వ్యాసానికి ప్రకటన కాదు, దాని మొదటి చిత్తుప్రతి.

సాహిత్యానికి బయటి ఉదాహరణ నాకు బడిలోనే దొరుకుతుంది. బడిపిల్లలకు వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటి నుంచి 'మధ్యాహ్న భోజన పథకం: సమస్యలు, పరిష్కారాలు' అనే వ్యాసం ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. వంట చేసే మనిషికి ఇచ్చేదాన్ని జీతమనీ కూలి అనీ అనకుండా 'గౌరవ వేతనం' అని ఎందుకన్నారు, ఆ పేరు వల్ల ఎవరికి ఏం మిగిలింది, ఆమెకు ఏం పోయింది అని అడిగిన వ్యాసం మాత్రం అరుదు. ఆ వ్యాసం రాయడానికి బయలుదేరిన కొత్త రచయిత్రికి దారిలో ఒకటి తట్టక మానదు: వంటమనిషికి గౌరవ వేతనం, తనకు పారితోషికం, రెండూ ఒక తానులో ముక్కలే.

సందర్భం అంటే వర్ధంతులూ జయంతులూ అనే అభిప్రాయం ఒకటి బలంగా ఉంది. జయంతి క్యాలెండరు ఇచ్చే సందర్భం, అది అందరికీ ఒకేరోజు వస్తుంది. నిజమైన సందర్భాన్ని రచయిత కనిపెట్టాలి. నైజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న ఒక వ్యాసంలోని మాట సురవరం ప్రతాపరెడ్డికి సందర్భమయింది. జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వచ్చింది. ఒక తప్పుడు వాక్యం, ఒక ప్రభుత్వ ఉత్తర్వు, ఒక పాఠ్యపుస్తకంలో మాయమైన పాఠం, వీటికంటె మంచి సందర్భాలు ఏముంటాయి?

ఆధారం మాటకొస్తే, మార్క్స్‌కు బ్రిటిష్ మ్యూజియం ఉన్నట్టే మనకూ కొన్ని చోట్లున్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం చేతికందే దూరంలో ఉన్నాయి. ఏ ఆధారాలు ఇప్పటికే చూశారో, ఏవి చూడబోతున్నారో ఉత్తరంలో రెండు వాక్యాల్లో చెప్పాలి. తాను ఎవరో కూడా అక్కడే చెప్పాలి, డిగ్రీల వరసలో కాదు. బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చి బీడీ కార్మికుల మీద రాస్తుంటే అది డిగ్రీ కంటె పెద్ద అర్హత.

ముందు వ్యాసం పంపాలా, ప్రతిపాదన పంపాలా అని మరో సందేహం. తెలుగు పత్రికలకు పూర్తి రచనే పంపడం అలవాటు. పుస్తక సమీక్షకూ చిన్న వ్యాసానికీ అది సబబే. కొత్తవారి కలం చూడందే సంపాదకుడు మాట ఇవ్వలేడు. కాని నాలుగు ఊళ్లు తిరిగి, నెల రోజులు పట్టే వ్యాసానికి ముందుగా ప్రతిపాదన పంపి జవాబు తెచ్చుకోవడమే న్యాయం. లేకపోతే నష్టభారమంతా రచయిత మీదే పడుతుంది. ప్రశ్న, సందర్భం, ఆధారం, నిడివి, ఇవ్వగల గడువు, కావలసిన దారిఖర్చు, ఇవన్నీ ఒక పేజీలో ఇమడాలి. డబ్బు సంగతి అడగడం మర్యాద కాదని మనవాళ్లు సిగ్గుపడతారు. మేస్త్రీ పని మొదలుపెట్టే ముందే కూలి మాట్లాడుకుంటాడు, అందులో సిగ్గుపడేది ఏముంది?

హామీ ఒకవైపే ఎందుకు?

రచన పంపేటప్పుడు మన పత్రికలు హామీపత్రం అడుగుతాయి. ఇది నా సొంత రచన, అనువాదం గాని అనుకరణ గాని కాదు, మరే పత్రికా పరిశీలనలో లేదు అని రచయిత సంతకం చేయాలి. ఇది అవసరమే. గ్రంథచౌర్యం మన దగ్గర తక్కువేమీ కాదు. కాని ఇందుకు బదులుగా పత్రిక ఇచ్చే హామీ ఏమిటి? ఎన్నాళ్లలో జవాబిస్తుంది? వ్యాసాన్ని కుదిస్తే చెబుతుందా? డబ్బిస్తుందా, ఇస్తే ఎప్పుడు? తిరుగు టపాకు స్టాంపులంటించిన కవరు జతచేసే రోజుల్లో కనీసం కవరైనా తిరిగొచ్చేది. ఈమెయిలు కాలంలో నిశ్శబ్దమే తిరస్కారమైంది. మరో పత్రికకు పంపకుండా ఆరునెలలు ఎదురుచూసి, సందర్భం చల్లారిపోయాక ఆ వ్యాసాన్ని ఏం చేసుకోవాలి?

కొత్త రచయిత తన హక్కులను కూడా తెలుసుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, పత్రికలో ఉద్యోగి కాని రచయితే తన వ్యాసానికి మొదటి హక్కుదారు. వ్యాసం అచ్చుకు ఇచ్చినంతమాత్రాన హక్కు రాసిచ్చినట్టు కాదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే ఆ బదిలీ అయిదేళ్లకే చెల్లుతుంది. "అచ్చయిన రచనలపై సర్వహక్కులూ పత్రికవే" అని ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో వేసుకున్నంతమాత్రాన అది చట్టమైపోదు. రేపు ఆ వ్యాసాలు పుస్తకంగా వేసుకోవలసింది రచయితే గనుక ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

రెండు అభ్యంతరాలు

ఇదంతా వ్యాపార పత్రికలకు వర్తిస్తుంది గాని చందాలతో, విరాళాలతో నడిచే మన పత్రికలకు ఎట్లా వర్తిస్తుందని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన పత్రికలు లాభాలు పంచుకోవడం లేదు. కాని కాగితం ధర కడుతున్నాం, అచ్చుకూలి ఇస్తున్నాం, పోస్టేజీ బాకీ ఉంచడం లేదు. శ్రమే విలువకు మూలమని రాసే పేజీల్లో, ఆ రాసినవారి శ్రమ ఒక్కటే విలువ లేనిదిగా మిగిలిపోతున్నది. అందరికీ డబ్బివ్వమని నేననడం లేదు. జీతాలున్న మాబోటివాళ్లకు అక్కర్లేదు. పైగా మేమే ఏటా కొంత వేసి ఒక రచనా నిధి పెడితే, జీతం లేని అయిదుగురు కొత్త వ్యాసకర్తలకు దారిఖర్చులూ ప్రతిఫలమూ ఇవ్వవచ్చు. అది దానం కాదు. ఇన్నాళ్లూ మన ప్రక్రియకు మనమే కట్టుకున్న కంచెను కొంత తొలగించడం.

రెండో అభ్యంతరం అవతలి ఒడ్డు నుంచి వస్తుంది. ఏది అమ్ముడుపోతుందో చూసి రాయండి, పత్రిక అభిరుచిని బట్టి కలం మార్చండి, అదే వృత్తి ధర్మం అంటారు. పత్రిక పాఠకులెవరో తెలుసుకుని రాయడం అవసరం. రైతుకు చెప్పే తీరు వేరు, పరిశోధక విద్యార్థికి చెప్పే తీరు వేరు. అది చెప్పే తీరుకు సంబంధించిన విషయం. చెప్పే మాటనే మార్చమంటే మాత్రం అది ఈటె కిరాయికివ్వడమే. తన ప్రశ్న తనకు ఉన్నవాడు పది పత్రికలకు రాసినా ఒకే మనిషిగా ఉంటాడు. ప్రశ్న లేనివాడు ఒక పత్రికకే రాసినా పది మంది అవుతాడు. ప్రతిఫలం అడగడం వల్ల నిబద్ధత చెడదు. ప్రతిఫలం కోసం ప్రశ్న మార్చుకోవడం వల్ల చెడుతుంది. ఈ రెండింటికీ తేడా చూపలేక, మొదటిదాన్ని కూడా పాపంగా చూడటం మన శిబిరంలో చిరకాలంగా ఉన్న గందరగోళం.

కనుక కొత్త వ్యాసకర్తలకు నేను చెప్పేది: విషయం పట్టుకుని కాదు, ప్రశ్న పట్టుకుని ఉత్తరం రాయండి. పొగడ్త తగ్గించి ఆధారం పెంచండి. జవాబుకు ఒక గడువు మర్యాదగా అడగండి, గడువు దాటితే మరో పత్రికకు పంపుతున్నానని తెలియజేసి పంపండి. ప్రతిఫలం సంగతి మొదటే తేల్చుకోండి. ఇక మన పత్రికల సంపాదకవర్గాలు ప్రతి సంచికలోనూ మూడు వాక్యాలు అచ్చువేయాలని కోరుతున్నాను: ఎన్ని వారాల్లో జవాబిస్తాం, ఎవరికి ఎంత ఇవ్వగలం, రచనలో మార్పులు రచయితకు చూపే అచ్చువేస్తాం. డబ్బు ఇవ్వలేమన్న మాటను కూడా దాచకుండా వేయాలి. ఈ మూడు వాక్యాలకు పట్టే చోటు నాలుగంగుళాలు మించదు. దీని మీద సంపాదకులూ రచయితలూ చర్చించాలి. జీతం లేని కొత్తవాళ్లు ఆ చర్చలో ముందు మాట్లాడాలి.